పది వేలు తక్కువకు వచ్చిన పెట్టె

ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర కాపరిని అడిగే ప్రశ్నలు ఒకప్పుడు మాకు కంఠతా వచ్చు. అమ్మాయికి సంబంధం, అబ్బాయికి కాలేజీ, ఇంటికి పునాదిరాయి. ఈ నాలుగైదేళ్ళలో వాటి మధ్యకు ఒక కొత్త ప్రశ్న వచ్చి చేరింది. "అయ్యగారూ, మావాడు ప్లేస్టేషన్ కావాలంటున్నాడు. అందులో రెండు రకాలట. ఏది కొనమంటారు?"

పిల్లలు వీడియో గేములు ఆడాలా వద్దా, ఆడితే ఎంతసేపు అన్నది వేరే చర్చ. దాని మీద ఈ పేజీలో చాలాసార్లు రాశాం, ఇకముందూ రాస్తాం. ఈ వారం రాస్తున్నది, కొనాలని ఇంట్లో తేలిపోయాక అంగడికి బయలుదేరబోతున్న తల్లిదండ్రుల కోసం. ఎందుకంటే ఆ ప్రశ్నకు మేము ఒకసారి తొందరపడి జవాబు చెప్పాం. అది తప్పు జవాబు.

2022 వేసవి. మా సంఘంలో స్టాఫ్ నర్సుగా పనిచేసే ఒక తల్లి, కొడుకు పదో తరగతి బాగా పాసైతే ప్లేస్టేషన్ 5 కొనిస్తానని మాట ఇచ్చింది. పిల్లవాడు మాట నిలబెట్టుకున్నాడు. రాత్రి డ్యూటీల డబ్బు కూడబెట్టి ఆమె కూడా నిలబెట్టుకోవాలనుకుంది. అవి ఆ పెట్టె దొరకడమే కష్టంగా ఉన్న రోజులు. మన దేశంలో అది 2021 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు డిస్క్ పెట్టుకునే రకం ధర 49,990 రూపాయలు, డిస్క్ లేని 'డిజిటల్ ఎడిషన్' 39,990. ఆమె మమ్మల్ని అడిగిన నాటికీ అవే ధరలు. లోపలి యంత్రం ఒకటేనా అని ఆమె అడిగింది. ఒకటేనని చెప్పాం, అది నిజమే. బొమ్మ నాణ్యతలో, వేగంలో రెండింటికీ తేడా లేదు. "ఆటే కదమ్మా, పది వేలు ఎందుకు దండగ? తక్కువది తీసుకోండి" అన్నాం. ఆమె మా మాట మీద తక్కువదే తీసుకుంది.

మేము చూడనిది ఏమిటంటే, ఆ పది వేల తేడా ఒక చిన్న సందు కోసం. డిస్క్ దూరే సందు. అది లేని పెట్టెలోకి ఆట రావాలంటే ఒకే దారి ఉంది, ఇంటర్నెట్ ద్వారా ఆ కంపెనీ స్టోర్‌లో కొని దించుకోవడం. పక్కింటి పిల్లవాడు ఇచ్చిన డిస్క్ అందులో పనికిరాదు. పాత డిస్కులు అమ్మే కొట్టుకు వెళ్ళీ లాభం లేదు. మామయ్య పుట్టినరోజుకు కొని తెచ్చిన డిస్క్ గూట్లో అలంకారంగా ఉంటుంది.

వాళ్ళ ఇల్లు మండల కేంద్రానికి కాస్త అవతల. అప్పటికి అక్కడికి ఫైబర్ లైను రాలేదు. ఆ తల్లి ఫోన్‌లో రోజుకు రెండు జీబీ ప్యాక్ ఉండేది, దాని హాట్‌స్పాట్‌తోనే ఇంట్లో అందరి పనీ గడిచేది. పెద్ద ఆటలు ఇప్పుడు వంద జీబీకి అటూ ఇటూ ఉంటున్నాయి. రోజుకు రెండు చొప్పున, ఇంకెవరూ ఫోన్ ముట్టుకోకుండా ఉంటే, ఒక్క ఆట దిగడానికి యాభై రోజులు. వేసవి సెలవులే అన్ని లేవు. చివరికి ఆ పిల్లవాడు పెట్టెను దుప్పట్లో చుట్టి, బండి మీద వెనక చెల్లెలి ఒళ్ళో పెట్టి, రాజమండ్రిలో ఫైబర్ ఉన్న పిన్నిగారింటికి తీసుకెళ్ళేవాడు. యాభై ఎంబీపీఎస్ లైనులో వంద జీబీ దిగడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. ఆ నాలుగున్నర గంటలూ పిన్నిగారింట్లో టీవీ వాళ్ళది కాదు. రెండోసారికే పిన్నిగారి ముఖం కాస్త మారిందని చెల్లెలు మాకు తర్వాత చెప్పింది.

మా మనసును నొప్పించింది ఇది కాదు. అదే సంఘంలో మరో మూడు ఇళ్ళలో డిస్క్ రకం ఉంది. ఆ ముగ్గురు పిల్లలూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కో ఆట కొనడం, ఆడేశాక ఆదివారం ఆరాధనకు తెచ్చి మార్చుకోవడం. మూడు ఆటల ఖర్చుతో ముగ్గురూ తొమ్మిది ఆటల ఆనందం పొందుతున్నారన్నమాట. నాలుగోవాడు, మా సలహా విన్న ఇంటివాడు, ఆ మార్పిడి దగ్గర నిలబడి చూసేవాడు. ఇవ్వడానికి అతని దగ్గర చేతితో పట్టుకునేది ఏమీ లేదు. వాళ్ళు ఇస్తామన్నా తీసుకోవడానికి చోటు లేదు. మేము అది కళ్ళారా చూశాం. సంగతి అర్థం కావడానికి మాకు రెండు మూడు ఆదివారాలు పట్టింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పెద్ద కంపెనీల కొత్త ఆట మన దేశంలో తరచుగా 4,999 రూపాయలకు వస్తోంది. డిస్క్ అయితే ఆడాక అమ్మవచ్చు. సగం ధరకు పోయిందనుకున్నా 2,500 చేతికొస్తుంది. అలా నాలుగు ఆటలు అమ్మితే ఆ పది వేలు తిరిగి వచ్చినట్టే. ఐదో ఆట నుంచి మిగులు. పాత డిస్క్ కొనేవాళ్ళకు ఆదా మొదటి ఆటతోనే మొదలు. డిజిటల్‌గా కొన్న ఆటను అమ్మడానికి వీల్లేదు, ఎరువు ఇవ్వడానికీ వీల్లేదు. దించుకోవడం మొదలుపెట్టాక సాధారణంగా డబ్బు కూడా వెనక్కి రాదు. ప్లేస్టేషన్ స్టోర్ నియమం ప్రకారం కొన్న పద్నాలుగు రోజుల్లో, ఇంకా దించుకోకుండా ఉంటేనే అడగవచ్చు.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ఓపిక ఉన్నవాళ్ళకు డిజిటల్ స్టోర్‌లో తగ్గింపులు బాగా ఉంటాయి. ఏడాది రెండేళ్ళు ఆగితే అదే ఆట సగానికో అంతకన్నా తక్కువకో దొరకడం మామూలే. ఇంట్లో ఫైబర్ ఉండి, పిల్లవాడు ఏడాది పొడవునా ఒక ఫుట్‌బాల్ ఆటో, ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటో తప్ప ఇంకేమీ ఆడడని తెలిస్తే డిస్క్ సందు కోసం పది వేలు పెట్టడం నిజంగానే దండగ. అన్నదమ్ములు ఒకే పెట్టె మీద ఆడుకుంటే, ఒకరి ఖాతాలో కొన్న ఆటను మిగిలినవాళ్ళూ వాళ్ళ వాళ్ళ ఖాతాలతో ఆడుకునే ఏర్పాటు అందులో ఉంది. డిస్క్ పోతుందనీ గీతలు పడతాయనీ భయం లేదు. రెండేళ్ళ పసివాడున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

డిస్క్ కొంటే ఇంటర్నెట్ అవసరమే లేదనుకోవడమూ పొరపాటే. డిస్క్ పెట్టినా ఆట మొత్తం ముందు యంత్రంలోకి ఎక్కాలి, ఆడేటప్పుడు డిస్క్ లోపలే ఉండాలి. ఆపైన మార్పులూ చేర్పులూ నెట్ నుంచి దిగుతాయి. 2022లో వచ్చిన ఒక ప్రసిద్ధ యుద్ధపు ఆట డిస్క్‌లో వంద ఎంబీ కూడా లేదు, మిగిలిందంతా దించుకోవలసిందే. అయినా అది అరుదు. ప్లేస్టేషన్ 5 డిస్క్‌లో వంద జీబీ వరకు పడుతుంది కాబట్టి చాలా ఆటలు డిస్క్ నుంచే ఎక్కుతాయి. ఫోన్ ప్యాక్‌తో నెట్టుకొచ్చే ఇళ్ళకు ఈ ఒక్క కారణం చాలు.

ఇంట్లో ఇప్పటికే ప్లేస్టేషన్ 4, దాని డిస్కులు ఉంటే ఆలోచించే పనే లేదు, డిస్క్ రకమే. పాత డిస్కుల్లో దాదాపు అన్నీ కొత్తదాంట్లో ఆడతాయి. పాత సినిమా డీవీడీలు, బ్లూరేలు కూడా చూడవచ్చు. ఆడియో సీడీలు మాత్రం పాడవు. క్రిస్మస్ పాటల సీడీల పెట్టెను దుమ్ము దులిపి తెచ్చి నిరాశపడిన వాళ్ళలో మేమూ ఉన్నాం.

2023 చివరలో బయటి దేశాల్లోనూ, 2024 ఏప్రిల్‌లో మన దగ్గరా వచ్చిన సన్నని రకం, అంటే స్లిమ్, ఈ చిక్కును కొంత విప్పింది. ఇక్కడ విడుదలైనప్పుడు దాని ధర డిస్క్‌తో 54,990, డిస్క్ లేకుండా 44,990. తేడా మళ్ళీ అదే పది వేలు. ఇందులో డిస్క్ భాగం విడిగా ఊడి వస్తుంది. కాబట్టి స్లిమ్ డిజిటల్ కొన్నవాళ్ళు తర్వాత డ్రైవ్ కొని తగిలించుకోవచ్చు. మొదటిసారి తగిలించినప్పుడు ఒకసారి ఇంటర్నెట్‌కు కలపాలి. అయితే ఆ డ్రైవ్ విడిగా మీ ఊరి అంగడిలో దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుందని పెట్టె కొనకముందే అడగండి. "తర్వాత చూసుకోవచ్చు లెండి" అని అమ్మేవాళ్ళు చెప్పడం తేలిక. 2020 నాటి మొదటి డిజిటల్ రకానికి మాత్రం ఏ డ్రైవూ తగలదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపించేవి తరచుగా అవే.

స్థలం కూడా చూడండి. మొదటి రకం మీద 825 జీబీ అని ఉంటుంది, ఆటలకు మిగిలేది సుమారు 667. స్లిమ్ ఒక టీబీతో వచ్చింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ విడుదలైనప్పుడు వీటికన్నా చవక. 2020 నవంబరులో 34,990కి వచ్చింది. దానికి డిస్క్ సందు లేదు, తగిలించే వీలూ లేదు. మామూలు రకంలో ఉన్న 512 జీబీలో ఆటలకు మిగిలేది 364 దగ్గర. మూడు పెద్ద ఆటలతో నిండిపోతుంది. నాలుగోది కావాలంటే ఒకటి తీసేయాలి. తీసేసినది మళ్ళీ కావాలంటే మళ్ళీ దించుకోవాలి. పిన్నిగారిల్లు గుర్తు తెచ్చుకోండి.

2024 నవంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో అనేది అమెరికాలో దాదాపు 700 డాలర్లకు వచ్చింది. అంత ధర పెట్టినా డిస్క్ డ్రైవ్ విడిగానే కొనుక్కోవాలి. అందులోని వైర్‌లెస్ పరికరం వాడే తరంగాలకు మన దేశంలో అప్పటికి అనుమతి లేకపోవడం వల్ల ఆ సమయంలో ఇక్కడికి రాలేదు. డల్లాస్ నుంచి ఎవరైనా తెస్తామన్నా, ఇంట్లో ఉన్నది ముప్పై రెండంగుళాల పాత టీవీ అయితే దాని గొప్పతనం కనిపించదు.

డల్లాస్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన సంఘాల్లో చాలా ఇళ్ళకు ఇలాంటి పెట్టెలు అమెరికా, గల్ఫ్ బంధువుల సూట్‌కేసుల్లో వస్తాయి. అక్కడ కొన్న ప్లేస్టేషన్ 5లో ఇక్కడి ఆట డిస్కులు ఆడతాయి. కానీ ఆటకు అదనపు భాగాలు కొనేటప్పుడు డిస్క్ ఏ ప్రాంతానిదో ఖాతా కూడా ఆ ప్రాంతానిదే కావాలి. సినిమా డీవీడీలకు ప్రాంతాల గోడ ఇంకా ఉంది. అమెరికా పెట్టెలో మన డీవీడీ ఆడకపోవచ్చు. పాడైతే ఇక్కడ వారంటీ దొరకడమూ కష్టం. నింటెండో స్విచ్ మన ఊళ్ళకు ఎక్కువగా ఇలాగే వస్తుంది. అందులో 2019లో వచ్చిన లైట్ రకం చూడ ముచ్చటగా ఉంటుంది, చవక కూడా. కానీ టీవీకి కలవదు, చేతి కంట్రోలర్లు ఊడి రావు. ఇంటిల్లిపాదీ కలిసి ఆడాలని తెప్పించుకునేవాళ్ళకు అది పనికిరాదు. ఒక్క పిల్ల దుప్పటి కింద ఆడుకోవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది, మీకు అది ఇష్టమైతే. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కు కొన్ని ఆటలు 'గేమ్ కీ కార్డు' రూపంలో వస్తున్నాయి. కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట నెట్ నుంచి దిగాలి. అయినా ఆ కార్డును ఇంకొకరికి ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. డిస్క్‌కూ డిజిటల్‌కూ మధ్య రకం అనుకోండి.

ఈ ఇవ్వడం దగ్గరే మేము కాస్త ఆగుతాం. 2013లో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ వన్‌కు కొన్ని నియమాలు ప్రకటించింది. డిస్క్ కొన్నా దాన్ని ఎవరికి ఇవ్వవచ్చు, ఎలా అమ్మవచ్చు అన్నదానికి హద్దులు పెట్టింది. జనం గోల పెట్టారు. అప్పుడు సోనీ వాళ్ళు ఒక చిన్న వీడియో విడుదల చేశారు, అర నిమిషం కూడా ఉండదు. తమ పెట్టెలో ఆటను స్నేహితుడితో ఎలా పంచుకోవాలో చూపించారు. ఒకాయన డిస్క్ తీసి ఇంకొకాయన చేతిలో పెడతాడు. అంతే. అదే నెలలో మైక్రోసాఫ్ట్ తన నియమాలను వెనక్కి తీసుకుంది. చేతిలో పెట్టడాన్ని అంత గొప్పగా చూపించిన ఆ సోనీయే పదకొండేళ్ళ తర్వాత తన అన్నిటికన్నా ఖరీదైన పెట్టెను డిస్క్ సందు లేకుండా అమ్మింది.

డిజిటల్‌గా 'కొన్నాం' అన్నప్పుడు మనం కొన్నది వాడుకునే అనుమతి మాత్రమే. 2023 డిసెంబరులో, ప్లేస్టేషన్‌లో జనం డబ్బు పెట్టి కొనుక్కున్న డిస్కవరీ టీవీ కార్యక్రమాలు ఆ నెలాఖరుకు వాళ్ళ ఖాతాల నుంచి పోతాయని నోటీసు వచ్చింది. కొత్త ఒప్పందం కుదిరి ఆ పని ఆగింది గాని, కొన్నవాళ్ళ చేతిలో ఏముందో ఆ నోటీసుతో అందరికీ తెలిసింది. అదే సంవత్సరం మార్చి 27న నింటెండో తన పాత యంత్రాలు 3డీఎస్, వీ యూల స్టోర్లలో కొనుగోళ్ళు ఆపేసింది. 2024 జూలైలో ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ మూతపడింది. కొన్నవాళ్ళ ఆటలు పోలేదు, కానీ డిజిటల్‌గా మాత్రమే వచ్చిన ఆటలను కొత్తవాళ్ళు అక్కడ కొనే దారి మూసుకుపోయింది. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఇలాంటి సరుకు అమ్మేటప్పుడు, ఇది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదట. మన దగ్గర అలాంటి హెచ్చరిక లేకపోయినా, బటన్ నొక్కే ముందు మీరే ఒకసారి పిల్లలకు చెప్పండి.

వయసు విషయం కూడా దీనితో కలిసే ఉంది. ఆటలకు ఐరోపాలో పెగి అనే వ్యవస్థ 3, 7, 12, 16, 18 అని అంకెలు వేస్తుంది. డిస్క్ అట్ట మీద ఆ అంకె పెద్దగా కనబడుతుంది. అమ్మ గది ఊడుస్తూ కూడా చూడగలదు. డిజిటల్ ఆటకు అట్ట లేదు. అందుకని ఆ పెట్టె కొన్నరోజే తల్లిదండ్రుల్లో ఒకరు తమ పేరున ఖాతా తెరిచి, పిల్లల ఖాతాను దాని కింద పెట్టి, వయసు హద్దు, నెల ఖర్చు హద్దు, ఆడే సమయం అక్కడే నిర్ణయించాలి. అరగంట పని. చాలా ఇళ్ళలో ఆ అరగంటను పిల్లవాడికే అప్పగిస్తున్నారు, ఎందుకంటే అతనికే బాగా వచ్చు కాబట్టి!

ఆ నర్సు కొడుకు ఇప్పుడు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాడు. పెట్టె ఇంట్లోనే ఉంది, చెల్లెలు ఆడుకుంటోంది. ఇంటికి ఫైబర్ వచ్చింది. ఆ ముగ్గురు పిల్లలు మొదలుపెట్టిన మార్పిడి ఇప్పుడు సండే స్కూల్ గదిలో ఒక బిస్కెట్ డబ్బాగా స్థిరపడింది. అందులో పదకొండు డిస్కులు ఉన్నాయి. డబ్బా మూత లోపల పేర్లు రాసే కాగితం అతికించి ఉంది. పన్నెండు దాటిన అంకె ఉన్న డిస్కులు అందులో పెట్టకూడదన్నది పిల్లలే పెట్టుకున్న నియమం, మేము పెట్టింది కాదు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు అతన్ని పిలిచి, ఆ రోజు నేరుగా మీ ఇంటి నెట్ గురించి అడగకుండా సలహా చెప్పడం మా తప్పేనని ఒప్పుకున్నాం. అతను నవ్వాడు. "పర్లేదు అయ్యగారూ, అమ్మకు ఆ పది వేలు ఆ నెలలో చాలా అవసరమైంది" అన్నాడు. ఆ సంగతి మాకు అప్పుడూ తెలియదు. తర్వాత అతను చెల్లెల్ని వెంటబెట్టుకుని సండే స్కూల్ గదిలోకి వెళ్ళాడు. స్లిమ్‌కు తగిలించే డ్రైవ్ తమ పాత పెట్టెకు ఎందుకు పట్టదో ఆమెకు చేతులతో చూపిస్తూ చెబుతున్నాడు. ఆమె డబ్బాలో డిస్కులు ఒక్కొక్కటే తీసి చూస్తోంది. ఆమె పదో తరగతి ఫలితాలు వచ్చే ఏడాది.